ఉష్ణబంధకమే విద్యుద్వాహకమైతే: ఒక రాయల్ కమిషన్ నివేదికపై విమర్శ

విచారణ సంఘాల నివేదికలను సైన్సు ఉపాధ్యాయులు చదవడం అరుదు. అవి న్యాయవాదులకు, పరిపాలకులకు, పత్రికలవారికి పనికివచ్చే కాగితాలని సామాన్యాభిప్రాయం. అయితే 2014 ఆగస్టు చివర ఆస్ట్రేలియాలో ఇయాన్ హాంగర్ అనే న్యాయవాది రాయల్ కమిషనర్‌గా ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక అట్టిది కాదు. ఇళ్ల అటకల్లో వేడిని ఆపే పదార్థాలు పరిపించడానికి తలపెట్టిన ఒక ప్రభుత్వ పథకం నలుగురు యువకుల మరణానికి ఎట్లా దారితీసిందో అది వివరిస్తుంది. ఆ నలుగురిలో ముగ్గురిని బలిగొన్నది విద్యుత్తు. ఆ విద్యుత్తు ఏ దారిన వచ్చిందో తెలుసుకొనడానికి ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రం చాలు. అంత చిన్న పాఠం అంత పెద్ద పథకంలో సమయానికి అక్కరకు రాకపోవడమే ఈ నివేదికను ఉపాధ్యాయులు చదువదగిన గ్రంథంగా చేస్తున్నది.

నివేదికలోని మంచిచెడ్డలు తెలియాలంటే ముందు ఆ పథకమేమిటో తెలియాలి.

పథకం పుట్టుక

ఆస్ట్రేలియాలో చాలా ఇళ్లకు పైన వాలుగా పెంకులో లోహపు రేకులో ఉంటాయి. గదులపైన పలకలతో చదునైన సీలింగు ఉంటుంది. ఈ రెంటికీ నడుమ మనిషి వంగి, ప్రాకి తిరుగగల ఖాళీ చోటు మిగులుతుంది. దానిని అటక అందాం. ఎండాకాలంలో పైకప్పు కాగి ఆ వేడి అటకలోనికి, అక్కడి నుంచి గదులలోనికి దిగుతుంది. శీతకాలంలో గదిలోని వెచ్చదనం ఇదే దారిన పైకి పోతుంది. సీలింగుమీద ఉష్ణబంధకం పరిస్తే రెండు కాలాలలోను మేలు. గదిని చల్లబరచడానికి, వెచ్చబరచడానికి అయ్యే విద్యుత్తు ఖర్చు తగ్గుతుంది. ఇందులో వివాదం లేదు.

2008లో ప్రపంచమంతటా ఆర్థిక సంక్షోభం వచ్చింది. పనులు కల్పించి వ్యాపారాన్ని నిలబెట్టాలని ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం 2009 ఫిబ్రవరి 3న పెద్ద వ్యయ ప్రణాళిక ప్రకటించింది. అందులో ఒక భాగం ఈ గృహోష్ణబంధక పథకం. 2009 జులై 1 నుంచి అది పూర్తిస్థాయిలో నడిచింది. ఒక్కొక్క ఇంటికి 1,600 డాలర్ల వరకు ప్రభుత్వమే చెల్లించింది. నవంబరులో దానిని 1,200 డాలర్లకు తగ్గించారు. 2010 ఫిబ్రవరి 19న పథకాన్ని నిలిపివేసేనాటికి సుమారు 11 లక్షల ఇళ్ల అటకల్లో పని జరిగింది. అంతకుముందు చిన్నదిగా ఉన్న ఒక వృత్తి కొద్దినెలల్లో ఊహకందనంత పెరిగింది. కొత్త కంపెనీలు పుట్టాయి. అటక ఎక్కిన అనుభవం లేని కుర్రవాళ్లు ఆ పనిలో చేరారు.

మొదటి మరణం 2009 అక్టోబరు 14న క్వీన్స్‌లాండు రాష్ట్రంలో జరిగింది. చనిపోయినవాని వయస్సు 25 సంవత్సరాలు. రెండవది నవంబరు 18న, అదే రాష్ట్రంలో. అతనికి 16 ఏళ్లు. మూడవది ఆ మాసంలోనే 21న, న్యూ సౌత్ వేల్స్‌లో. అతనికి 19 ఏళ్లు. తీవ్రమైన ఎండలో అటకలో పనిచేసి వడదెబ్బతో మరణించాడు. నాలుగవది 2010 ఫిబ్రవరి 4న మళ్లీ క్వీన్స్‌లాండులో. అతని వయస్సు 22. వడదెబ్బ తగిలినవాడు తప్ప తక్కిన ముగ్గురూ విద్యుదాఘాతంతో పోయినవారే.

బంధకం అనే మాటలోని చిక్కు

పాఠ్యపుస్తకాలలో ఉష్ణబంధకం, విద్యుద్బంధకం అనే రెండు మాటలున్నాయి. మొదటిది వేడి పాఠంలో వస్తుంది, రెండవది విద్యుత్తు పాఠంలో. రెంటికీ ఉదాహరణలు దాదాపు ఒకటే: కర్ర, రబ్బరు, గాజు, పింగాణి. లోహాలు రెంటికీ వాహకాలు. అందుచేత ఒకదానిని ఆపేది రెండవదానిని కూడ ఆపుతుందనే భావం విద్యార్థి మనస్సులో చెప్పకుండానే నాటుకొంటుంది. చాలా సందర్భాలలో అది నిజమే గనుక ఎవరూ దానిని సరిదిద్దరు.

అటకల్లో పరిచే పదార్థాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి గాజుపీచు మెత్తలు. వీటిలో వేడిని ఆపేది గాజుకంటె ఎక్కువగా పీచుల మధ్య చిక్కుకొని కదలలేని గాలి. గాలి ఉష్ణవాహకత చాలా తక్కువ. అది కదలనప్పుడు సంవహనం కూడ జరగదు. గాజు విద్యుద్బంధకం కూడ. కాబట్టి ఈ మెత్తల విషయంలో పాఠ్యపుస్తకపు అలవాటు మోసం చేయదు.

రెండవ రకం అల్యూమినియం రేకు. కాగితం వంటి పొరకు అంటించిన పలుచని రేకును చుట్టలుగా తెచ్చి, సీలింగు దూలాల మీద పరచి, పిన్నులు కొట్టి బిగిస్తారు. అల్యూమినియం ఉత్తమ ఉష్ణవాహకం. వంటపాత్రలు దానితో చేసేది అందుకే. మరి అది ఉష్ణబంధకంగా ఎట్లా పనిచేస్తుంది? మెరిసే అల్యూమినియం తనమీద పడిన ఉష్ణకిరణాలలో అధికభాగాన్ని తిరుగగొడుతుంది. తాను వేడెక్కినా కిరణరూపంలో చాలా కొద్దిగా మాత్రమే బయటకు విడుస్తుంది. కాగిన పైకప్పునుండి క్రిందికి వచ్చే వేడిలో ఎక్కువభాగం వికిరణమే గనుక, రేకు ముందు గాలి ఖాళీ ఉన్నంతవరకు అది మంచి అడ్డుగా నిలుస్తుంది. థర్మాస్ ఫ్లాస్కులో గాజు గోడలకు వెండిపూత పూయడం కూడ ఇందుకే.

దీనినిబట్టి ఒక సంగతి స్పష్టం. గాజుపీచు మెత్త తన లోపల గాలిని బంధించి వేడిని ఆపుతుంది. అల్యూమినియం రేకు తన ఉపరితలంతో వేడిని ఆపుతుంది. ఆ పదార్థం మాత్రం వాహకంగానే ఉంటుంది. వేడికి అడ్డుపడినా విద్యుత్తుకు అది రాజమార్గం. విద్యుత్తును మోయడంలో అల్యూమినియం రాగికి సుమారు 60 శాతం సమర్థం. ఊళ్లకు విద్యుత్తు తెచ్చే పెద్ద లైన్లలో వాడే లోహం అదే. ఉష్ణబంధకమనే పేరుతో చుట్టకట్టి వచ్చిన ఈ వస్తువును ఇంటి వైర్ల మీద పరచి లోహపు పిన్నులతో కొట్టడమంటే, పెద్ద విద్యుద్వాహకాన్ని అటకంతటా పరచడమే.

పిన్ను దిగినప్పుడు ఏమి జరుగుతుంది?

దూలంమీద రేకు కప్పినప్పుడు దానిక్రింద వైరు ఎక్కడ పోతున్నదో కనబడదు. పనివాడు పిన్ను కొట్టే యంత్రాన్ని నొక్కుతాడు. పిన్ను పి.వి.సి. పొరను చీల్చుకొని లోపలి లైవు తీగను తాకితే, ఆ క్షణం నుంచి పిన్ను, దానితోబాటు రేకంతా 230 వోల్టుల పొటెన్షియల్‌కు వస్తాయి. అయినా ఏ గుర్తూ కనబడదు. దూలం ఎండిన కర్ర. భూమికి దారి లేనందున కరెంటు ప్రవహించదు. ఫ్యూజు కాలదు. గదిలో దీపం ఎప్పటివలెనే వెలుగుతుంది. రేకు ఒక వైపున భూమికి తగిలియున్న గొట్టాన్నో లోహపు భాగాన్నో ఒరుసుకొన్నదాకా, లేదా ఒక మనిషి రెంటినీ ఒకేసారి తాకినదాకా ఆ స్థితి అట్లాగే ఉంటుంది.

మనిషి తాకినప్పటి లెక్క చిన్నదే. చెమటపట్టిన శరీరం నిరోధం సందర్భాన్నిబట్టి మారుతుంది. ఉదాహరణకు 1,500 ఓములనుకొంటే, 230ని 1,500తో భాగించగా సుమారు 0.15 ఆంపియరు, అంటే 150 మిల్లీఆంపియర్లు వస్తుంది. గుండె లయ చెడిపోవడానికి ఇది చాలు. దీపాల సర్క్యూటుకు 8 ఆంపియర్ల ఫ్యూజు ఉన్నదనుకొందాం. మనిషి ప్రాణం తీయగల కరెంటు దానిలో 50వ వంతు మాత్రమే. కాబట్టి ఫ్యూజు మనిషిని కాపాడుతుందనుకొనడం అమాయకత్వం. తీగ కాలిపోకుండ చూడడమే దాని పని.

మనిషిని కాపాడడానికి ఏర్పడినది ఆర్.సి.డి. అనే రక్షక స్విచ్చి. పోయే కరెంటును, తిరిగివచ్చే కరెంటును అది సరిపోల్చుతుంది. తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేసరికి సెకనులో స్వల్పభాగంలో సరఫరాను త్రెంపుతుంది. దీనిని గూర్చి కూడ ఒక అపోహ ఉన్నది. ఇది కరెంటును 30 మిల్లీఆంపియర్లకు తగ్గిస్తుందని కొందరు అనుకొంటారు. అది నిజం కాదు. శరీరంగుండా ప్రవహించేది ముందు లెక్కించిన 150 మిల్లీఆంపియర్లే. తగ్గేది అది ప్రవహించే కాలం. అంతేకాదు, పిన్ను దిగి రేకు లైవు అయినప్పుడు ఈ స్విచ్చి కూడ ఊరకే ఉంటుంది. తేడా పుట్టడానికి ఎవరో ఒకరు రేకును తాకవలసిందే. కనుక ఆర్.సి.డి. చివరి రక్షణ. మొదటి రక్షణ మెయిన్ స్విచ్చి ఆపి అటక ఎక్కడం. అయితే అదీ పూర్తి రక్షణ కాదు. స్విచ్చి ఆపి పనిచేసినా చీలిన వైరు చీలినట్లే ఉంటుంది. పని ముగిసి స్విచ్చి వేసిన తరువాత ఆ రేకు ఇంటివారికి ఉచ్చుగా మిగులుతుంది. పథకం నిలిచిపోయాక రేకు పరచిన సుమారు 50,000 ఇళ్లకు ప్రభుత్వం పరీక్షలు ఏర్పాటు చేయవలసివచ్చింది ఇందుకే.

నివేదిక సాధించినది

ఇక నివేదికకు వద్దాం. దీనికి గల మొదటి గుణం ధైర్యం. పథకాన్ని సరిగా రూపొందించి అమలుచేసి ఉంటే ఈ మరణాలు జరిగి ఉండేవి కావని కమిషనర్ నిస్సంశయంగా తేల్చాడు. నేరమంతా పనిచేయించిన చిన్న కంపెనీలదని చెప్పి ఊరుకొనలేదు. ప్రభుత్వం ఒక పనికి డబ్బు పోసి లక్షల ఇళ్లలోనికి పనివారిని పంపినప్పుడు, రక్షణ సంగతి రాష్ట్రాలు చూసుకొంటాయి, యజమానులు చూసుకొంటారు అని చేతులు దులుపుకొనరాదని వాదించాడు. ప్రమాదాల పట్టిక తయారుచేసినప్పుడు అందులో పనివారి ప్రాణాపాయానికి తగిన స్థానం దక్కలేదని చూపాడు.

రెండవ గుణం, రెండు లక్ష్యాల మధ్య ఘర్షణను బయటపెట్టడం. పథకం ఉద్దేశాలలో ఒకటి విద్యుత్తు పొదుపు, మరొకటి త్వరితంగా ఉద్యోగాలు కల్పించడం. పొదుపు కావాలంటే పని నెమ్మదిగా, నేర్పుగా జరగాలి. ఉద్యోగాలు కావాలంటే పని తెలియనివారిని కూడ వెంటనే చేర్చుకొనాలి. రెండవది మొదటిదానిని మింగింది. ప్రతి పనివానికీ తగిన శిక్షణ ఉండాలన్న తొలి ఆలోచనను సడలించి, పర్యవేక్షకునికి ఉంటే చాలునన్నారు. పర్యవేక్షకుడు ప్రతి అటకలోను ఉండడు. నివేదిక ఈ సడలింపును తీవ్రంగా తప్పుపట్టింది. ఈ భాగమే దానిలో అన్నిటికంటె విలువైనది.

మూడవది, ముందస్తు హెచ్చరిక ప్రస్తావన. న్యూజిలాండులో 2007లోనే రేకు పరచేటప్పుడు లోహపు పిన్నుల వలన ముగ్గురు చనిపోయారు. ఆ వార్త ఆస్ట్రేలియా అధికారులకు తెలియనిది కాదు. తెలిసికూడ ఆ పదార్థాన్నీ ఆ పిన్నులనూ పథకంలోనికి అనుమతించారు.

ఈ విచారణను వేసినది, 2013 ఎన్నికలలో పాత ప్రభుత్వాన్ని ఓడించి వచ్చిన కొత్త ప్రభుత్వం. అందుచేత దీనిలో రాజకీయం ఉన్నదని విమర్శలు వచ్చాయి. ఆ చర్చ ఉండవలసిందే. కాని వైరులో దిగిన పిన్నుకు పార్టీ లేదు. నివేదికలోని వాస్తవాలను రాజకీయాలనుండి వేరుచేసి చదవడం కష్టం కాదు.

నివేదికలో కొరతపడినది

కమిషనర్‌కు అప్పగించిన విచారణాంశాలు ప్రధానంగా పరిపాలనకు సంబంధించినవి. ఎవరికి ఏమి తెలుసు, ఎప్పుడు తెలుసు, ఎవరు ఏ నిర్ణయం చేశారు అన్న ప్రశ్నలకు నివేదిక ఓపికగా సమాధానాలు వెదుకుతుంది. కాని తెలిసినది ఎందుకు పనికిరాలేదు అనే ప్రశ్నకు అది ఇచ్చే సమాధానం తొందరపాటు, అనుభవలేమి, బాధ్యత దాటవేత. ఇవి నిజమే. వీటివెనుక మరొక కారణం కూడ ఉన్నది. అది నివేదికలోని తేదీలను వరుసగా పేర్చి చూస్తే బయటపడుతుంది.

అక్టోబరు 14 మరణం రేకుమీద లోహపు పిన్ను వలన కలిగింది. నవంబరు మొదట్లో ప్రభుత్వం రేకుకు లోహపు పిన్నులు వాడరాదని నిషేధించింది. నవంబరు 18న చనిపోయిన 16 ఏళ్ల కుర్రవాడు రేకు పరచడం లేదు. అతడు పరుస్తున్నవి గాజుపీచు మెత్తలు. ఆ ఇంటి అటకలో అంతకుముందునుంచే ఉన్న విద్యుద్దోషం అతనిని చంపింది. పిన్నుల నిషేధం అతనికి ఏమీ చేయలేదు. 2010 ఫిబ్రవరి 4న మళ్లీ రేకు, మళ్లీ లోహపు పిన్ను. నిషేధం కాగితంమీద మూడు నెలలుగా ఉన్నది. అటకలో లేదు. ఫిబ్రవరి 9న రేకు వాడకాన్నే ఆపారు. 19న పథకాన్నే ఆపారు.

ఈ వరుసలో కనబడేదేమిటి? ప్రతిసారి నిషేధించినది ఒక వస్తువును. ముందు పిన్ను, తరువాత రేకు, చివరకు పథకం. కాని మూడు విద్యుత్ మరణాలకూ ఉమ్మడి కారణం ఒక వస్తువు కాదు. అది సరఫరా ఉన్న అటకలో, వైర్ల స్థితి పరీక్షించకుండ, మనిషిని పని చేయనీయడం. ఆ కారణాన్ని మొదటి రోజే పట్టుకొని ఉంటే, మెయిన్ స్విచ్చి ఆపనిదే ఎవరూ అటక ఎక్కరాదన్న ఒక్క నియమం మూడు సందర్భాలకూ వర్తించేది. వస్తువును నిషేధించడానికి వార్త చాలు, కారణాన్ని తొలగించడానికి సూత్రం తెలియాలి. న్యూజిలాండు మరణాలు ఆస్ట్రేలియాకు వార్తగా చేరాయి, సూత్రంగా చేరలేదు. నివేదిక నిర్ణయాల తప్పులను లెక్కించినంత శ్రద్ధగా ఈ తేడాను విడదీసి చెప్పి ఉంటే, అది పాలకులకేకాక ప్రతి శిక్షణ కేంద్రానికి, ప్రతి పాఠశాలకు పాఠ్యగ్రంథమయ్యేది.

రెండవ కొరత, అగ్నిప్రమాదాల సంగతి. పథకంలో పని జరిగిన ఇళ్లలో కొన్ని అంటుకొన్నాయి. పథకానికి ముందుకూడ ఇట్టివి జరిగేవని, పని జరిగిన ఇళ్ల సంఖ్య పెరిగితే ప్రమాదాల సంఖ్యకూడ పెరగడం సహజమని, చూడవలసినది నిష్పత్తి అని కొందరు వాదించారు. గణితం ప్రకారం ఈ వాదానికి విలువ ఉన్నది. సంఖ్యను నిష్పత్తితో కలగలపడం శాస్త్రీయం కాదు. కాని నిష్పత్తి ఎంతయినా అగ్నికి కారణం తెలుసుకొనవలసిందే. నివేదిక దృష్టి ప్రధానంగా మరణాలమీద నిలిచినందున ఈ భాగం వెనుకబడింది. పాఠకుడు దానిని తనంతట పూరించుకొనవలసి ఉన్నది.

వేడి పోలేని తీగ, వేడి పోలేని దీపం

ఆ రోజులలో ఆస్ట్రేలియా ఇళ్లలో సీలింగుకు రంధ్రాలు చేసి అమర్చే చిన్న హాలొజన్ దీపాలు వాడుకలో ఉండేవి. వీటికి ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 12 వోల్టులే అందుతాయి. 12 వోల్టులంటే బొమ్మ కారు బ్యాటరీవంటిదని, భయం లేదని అనుకొనడం సహజం. తాకితే షాకు కొట్టదన్నంతవరకు అది నిజం. కాని దీపం శక్తి 50 వాట్లు. 50ని 12తో భాగిస్తే కరెంటు 4 ఆంపియర్లకు పైగా వస్తుంది. 50 వాట్లలో అధికభాగం వేడిగానే మారుతుంది. వోల్టేజి తక్కువైనంతమాత్రాన వేడి తగ్గదు.

పైగా ఈ దీపాలలో చాలావాటి ప్రతిబింబకాలకు ఒక ప్రత్యేకత ఉన్నది. అవి వెలుగును క్రిందికి పంపి, ఉష్ణకిరణాలలో చాలాభాగాన్ని వెనుకకు, అంటే అటకవైపుకు వదిలివేస్తాయి. గదిలోనివారికి వేడి తగలకూడదని చేసిన ఏర్పాటది. అటక ఖాళీగా ఉన్నంతకాలం ఆ వేడి గాలిలో కలిసిపోయేది. దీపం వెనుకభాగాన్ని మెత్తతో కప్పితే పోయే దారి లేదు. ఉష్ణోగ్రత పెరుగుతూపోయి చుట్టుప్రక్కల ఉన్న కర్ర, దుమ్ము, కాగితపు పొర మండే స్థితికి వస్తాయి. గాజుపీచు తాను మండదు. అంతమాత్రాన అది కప్పిన దీపం అపాయకరం కాదనడం తప్పు. దీపానికి, ట్రాన్స్‌ఫార్మరుకు చుట్టూ ఖాళీ వదలాలని, ఖాళీ నిలిచేటట్లు తగిన మూతలు అమర్చాలని నియమాలు ఉండడానికి హేతువు ఇదే. ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాక వేడి తగ్గింది గాని లేకుండ పోలేదు. వాటిని నడిపే చిన్న పెట్టెను మెత్తక్రింద పూడ్చితే ఆయువు తగ్గుతుంది.

తీగ సంగతి ఇంకా సూక్ష్మమైనది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుందన్నది జౌల్ నియమం. పుట్టిన వేడి బయటకు పోతుండబట్టే తీగ ఒక ఉష్ణోగ్రతవద్ద నిలుస్తుంది. బ్రిటన్ వైరింగు నియమాలలో సాధారణ పి.వి.సి. తీగకు ఆ పరిమితి 70 డిగ్రీల సెంటిగ్రేడు. అక్కడి పట్టికలో 2.5 చదరపు మిల్లీమీటర్ల జంట తీగకు ఇచ్చిన అంకెలు చూడదగినవి. గోడమీద నేరుగా బిగించి బయట కనబడేటట్లు ఉంటే 27 ఆంపియర్లు. సీలింగు పలకమీద ఉండి 100 మిల్లీమీటర్లకు మించని మెత్త కప్పితే 21. మెత్త 100 మిల్లీమీటర్లకు మించితే 17. పలకల గోడలో, పలకను కూడ తాకకుండ, అన్నివైపుల బంధకమే చుట్టుకొని ఉంటే 13.5.

చివరి అంకె మొదటిదానిలో సరిగా సగం. కరెంటు సగమైతే పుట్టే వేడి నాలుగవ వంతు. అంటే అన్నివైపుల కప్పిన తీగనుండి, బయట ఉన్న తీగతో పోల్చితే, నాలుగవ వంతు వేడి మాత్రమే క్షేమంగా బయటపడగలుగుతున్నదని అర్థం. ఆ తీగకు 20 ఆంపియర్ల రక్షకం ముందే ఉండి, తరువాత ఎవరో దానిమీద దళసరి మెత్త పరచారనుకొందాం. తీగ భరించగలది 17. అందులో 19 ఆంపియర్లు గంటలతరబడి ప్రవహించినా రక్షకం కదలదు. పి.వి.సి. క్రమక్రమంగా గట్టిపడి, పెళుసై, పగుళ్లు తీస్తుంది. రక్షకాన్నిగాని తీగనుగాని ఎవరూ ముట్టుకొనలేదు. మారినది తీగ చుట్టూ ఉన్న పరిసరం మాత్రమే. కాబట్టి వీలైనచోట తీగను పైకెత్తి మెత్తమీదుగా పోనివ్వాలి. ఎక్కువ కరెంటు మోసే తీగలను పూడ్చరాదు. పాలిస్టిరీన్ పలకలను పి.వి.సి. తీగకు ఆనించరాదు. పి.వి.సి.ని మెత్తగా ఉంచే ద్రవ్యం పాలిస్టిరీన్‌లోనికి పోయి, తీగపొర గట్టిపడుతుంది.

బడికి చేరవలసిన పాఠం

నివేదిక తన పరిధిలో గొప్ప పని చేసింది. మరణించిన యువకులను సంఖ్యలుగా గాక మనుష్యులుగా చూసింది. పాలకుల బాధ్యతను పాలకులకే అప్పగించింది. అయినా అది మిగిల్చిన పని ఒకటున్నది. ఆ పని విచారణ సంఘాలది కాదు, ఉపాధ్యాయులది.

తెలుగునాట ఇళ్లకు ఇట్టి అటకలు తక్కువ. కాని దుకాణాలలో, ఇళ్లలో పలకల సీలింగులు వచ్చాయి. వాటిలో దీపాలు, వాటిమీద తీగలు ఉన్నాయి. రేకుల షెడ్లక్రింద వేడిని ఆపడానికి మెరిసే పొరలు కట్టడమూ ఉన్నది. ఇక్కడి ఇళ్లలో సరఫరా కూడ 230 వోల్టులే. ఆ పనికి పోయే కుర్రవాళ్లలో చాలామంది పదవ తరగతి బెంచీనుండి లేచి పోయినవారే. వారికి మరొక శిక్షణ దొరుకుతుందన్న హామీ లేదు.

ఉష్ణబంధకం పాఠం చెప్పేరోజున, విద్యుత్తు పాఠం వచ్చేదాకా ఆగకుండ, ఉపాధ్యాయుడు ఒక వంటింటి అల్యూమినియం రేకు ముక్కను తరగతికి తీసుకొనిపోవచ్చు. ఎండలో రెండు థర్మామీటర్లు ఉంచి, ఒకదానిపైన కొంత ఎడంగా రేకును గొడుగువలె పట్టాలి, రెండవదానిపైన అదే ఎడంగా నల్లకాగితం పట్టాలి. రెండిటా నీడే. అయినా కాగితంక్రింద పాదరసం ఎక్కువ ఎక్కుతుంది. తరువాత అదే రేకును ఒక టార్చి బ్యాటరీకి, చిన్న బల్బుకు నడుమ తీగకు బదులుగా కలపాలి. బల్బు వెలుగుతుంది. ఇంటి సరఫరాతో ఈ ప్రయోగం ఎప్పుడూ చేయరాదని అప్పుడే చెప్పాలి. ఎందుకు చేయరాదో విద్యార్థులనే అడగాలి.

ఆ ప్రశ్నకు తరగతిలో సరియైన సమాధానం వస్తే, నిషేధాల పట్టిక కంఠస్థం చేయకుండానే రేపు అటక ఎక్కేవాడు ముందుగా మెయిన్ స్విచ్చి దగ్గరకు పోతాడు. ఆస్ట్రేలియాలో నలుగురి ప్రాణాలు, ఒక పెద్ద నివేదిక ఖర్చయిన తరువాత నిలిచిన నియమం కూడ చివరకు ఇదే.